పాత టైర్లతో బండ్లకొక గరిడి

(చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన పల్లెలలో సంక్రాంతికిని, స్వాతంత్ర్య దినోత్సవమునకును పెట్టు ఆటలలో నెమ్మది సైకిలు పందెమొకటి కలదు. అందరికన్న వెనుక వచ్చినవాడు గెలుచును. కాలు నేల మోపినవాడు ఓడును. చూచువారు నవ్వుదురుగాని తొక్కువానికి చెమట పట్టును. వేగముగా పోవు బండి తనంత తాను నిలుచును. మెల్లగా పోవు బండిని మనిషి నిలుపవలెను. నేడు మేము చెప్పదలచినదంతయు ఈ పందెములోనే ఇమిడియున్నది.

ఇదే ఆటను రాళ్ళలోను, దుంగలమీదను మోటారు సైకిలుతో ఆడుటకు విదేశములలో ‘ట్రయల్స్’ అని పేరు. స్కాట్లండు కొండలలో 1909లో ఆరంభమైన పోటీ నేటికిని జరుగుచున్నది. 1975 నుండి ప్రపంచ పోటీలు కూడ నడచుచున్నవి. స్పెయిను దేశీయుడైన టోనీ బౌ 2007 మొదలు 2024 వరకు పదునెనిమిదేండ్లు వరుసగా ఆ పోటీలలో గెలిచెను. ఇందు వేగమునకు విలువ లేదు. కాలు ఒకసారి నేల మోపిన ఒక తప్పు, రెండుసార్లు మోపిన రెండు, అంతకు మించిన మూడు. బండి పడిపోయినను, హద్దు దాటినను అయిదు. తప్పులు తక్కువగా చేసినవాడే విజేత.

ఇది మనకెందుకని మీరు అడుగవచ్చును. మన పిల్లలు బండిని పరుగెత్తించుట ఒక్క దినములో నేర్చుచున్నారు. మెల్లగా నడుపుట ఎన్నటికిని నేర్చుటలేదు. అడ్డువచ్చిన ఆవును తప్పించుట, మలుపులో కంకరపై జారక నిలుచుట, గుంటలో చక్రము దిగినపుడు బ్రేకును మెల్లగా నొక్కుట, ఇవి రోడ్డుమీద నేర్చుకొనదగిన విద్యలు కావు. అక్కడ మొదటి తప్పే కడపటిది కావచ్చును. కొడుకును అట్లు పోగొట్టుకొన్న ఇల్లు లేని ఊరు మన ప్రాంతమున ఎన్ని ఉన్నవో మీరే లెక్కింపుడు.

పూర్వము సాము నేర్చుటకు ఊరూర గరిడి ఉండెడిది. బండికిని అట్టి గరిడి ఒకటి కావలెను. మేము ఒక పల్లెలో దీనిని ప్రతిపాదించినపుడు పెద్దాయన ఒకరు లేచి, “ఉండే బండ్లతోనే సచ్చిపోతా ఉండారు. ఇంక దానికొక గరిడి గూడానా నాయనా?” అనిరి. ఆయన మాట తీసివేయదగినది కాదు. తరువాత జరిగినది వినుడు.

పంక్చరు అంగళ్ళలో పడియున్న టైర్లు తెచ్చితిమి. మూడేసి టైర్లు ఒకదానిపై నొకటి పేర్చి, వాటి నడుమ వంకరటింకరగా దారి ఏర్పరచితిమి. చూచుటకు ముచ్చటగానే యుండెను. మూడవనాడు ఒక యువకుని బండి తగులగా ఆ దొంతర దొర్లిపోయెను. బండి అతని కాలిమీద పడి చీలమండ వాచెను. పైగా, వాన కురిసిన తరువాత ప్రతి టైరులోను నీరు నిలిచి పురుగులు తిరుగసాగెను. అవి దోమ పిల్లలు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమకు పాత టైరు పుట్టినిల్లు వంటిది. దాని గుడ్లు టైరు లోపలి గోడ నంటుకొని, నీరు ఎండినను నెలల తరబడి బ్రదికియుండును. కావున నీరు పారబోసిన చాలదు. ఆ తప్పు ముమ్మాటికి మాదే. టైర్లనన్నిటిని దించి, ఒక్కొక్కటిగా నేలమీద పరచి, లోపలంతయు మట్టి కూరి దిమ్మిసతో గట్టిగా కొట్టించితిమి. అటుపిమ్మట టైరు దొర్లలేదు, నీరును నిలువలేదు. ఇనుప తీగలు బయటపడిన టైరును మాత్రము దగ్గరకు రానీయరాదు.

తక్కిన సామగ్రియు ఊరిలోనిదే. పడిపోయిన తాటి మానును నిలువున చీల్చి, చదునైన ప్రక్క పైకి వచ్చునట్లు నేలలో పూడ్చిన, పడిపోయినను దెబ్బ తగులని వంతెన అగును. చింత దుంగను సగమునకు పైగా పాతి, బెత్తెడు మాత్రమే పైకి ఉంచవలెను. పోటీ బండ్లు తేలికైనవి, ఎత్తైనవి. మన పిల్లలు నడుపు బండికి ఇంజను క్రింద జానెడు ఎడమైనను ఉండదు. గ్రానైటు గనుల యొద్ద పనికిరాని ముక్కలు గుట్టలుగా పడియుండును. యజమాని అనుమతితో తెచ్చి, వాడి అంచులు లోనికి పోవునట్లు పాతిన, వంకలోని రాళ్ళబాటవలె ఉండును. దాని తరువాత నాలుగు బారల ఇసుక. చివర ఎనిమిది అంకె ఆకారమున ఒక మలుపు. అందరికన్న ఎక్కువ తప్పులు అచ్చటనే జరుగును!

స్థలము విషయమున తొందరపడరాదు. చెరువు గర్భమును, పశువుల మేత భూమిని ముట్టరాదు. శేషాచలపు అడవిలోనికి బండి పోనేకూడదు. వాలు నేల వలదు. చక్రము నడచిన గాడి వానకు వాగు అగును. బడికిని, ఆసుపత్రికిని దూరముగా చదునైన స్థలమును చూచి, పంచాయతీలో తీర్మానము చేయవలెను.

చట్టము మాట కూడ తెలియవలెను. మోటారు వాహనముల చట్టము (1988) ప్రకారము బహిరంగ స్థలమనగా రోడ్డు మాత్రమే కాదు, ప్రజలకు ప్రవేశపు హక్కు గల ప్రతి తావును అట్టిదే. కావున మన గరిడిలోను లైసెన్సు గలవారే మోటారు బండి ఎక్కవలెను. పిల్లవానికి బండి ఇచ్చిన తండ్రికిని, బండి యజమానికిని 2019 సవరణ ననుసరించి మూడేండ్ల వరకు జైలు, ఇరువదియైదు వేల రూపాయల జుల్మానా పడవచ్చును. పిల్లలకు సైకిలు చాలును, బాలికలును రావలెను. దారి అదే, విద్యయు అదే. శిరస్త్రాణము, కాళ్ళకు బూట్లు లేనివారిని లోనికి రానీయరాదు. ఒకరు ముగించిన తరువాతనే మరొకరు బయలుదేరవలెను.

తప్పులు లెక్కించుటకు మాత్రము మొగమాటము లేని మనిషి కావలెను. మేము ఆ పెద్దాయననే వేడుకొంటిమి. ఆయన చింతచెట్టు నీడన మంచము వేయించుకొని, కాలు నేల మోపినప్పుడెల్ల వ్రేలు ఎత్తి చూపుచుండిరి. మొదటినాడు తన మనుమనికే అయిదు తప్పులు వేసి, మరల మొదటినుండి రమ్మనిరి.