కట్టినోళ్లం మేమే, పరాయోళ్లం మేమే
(గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



దుబాయ్ అంటే షేకులు, బంగారం అనుకుంటరు. మేం చూసింది వేరు. ఆ దేశంల పదిమందికి తొమ్మిదిమంది బయటి దేశపోళ్లే. అయినా సోనాపూర్ క్యాంపుల ఉన్నన్నేండ్లు అరబ్బుల గడప తొక్కినోళ్లం కాదు. మా మీద హుకుం చేసిన ఫోర్‌మన్ గూడ మన దేశపోడే.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. రంజాన్ నెలల మసీదు డేరాలల్ల ఏ మతమని అడగకుంట తిండి పెట్టిన్రు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగటి పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండల పని బంద్ అని రూలున్నది. జీతం బ్యాంకు ద్వారా ఇయ్యాలని 2009ల పద్ధతి తెచ్చిన్రు.

కని యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. సమ్మె చేసినోళ్లను విమానమెక్కించి పంపిన్రు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మాసొంటి కూలీల చెమటతోనే లేసింది. 2021ల పెట్టుబడిదారులకు, డాక్టర్లకు, సైంటిస్టులకు పౌరసత్వం తలుపు తెరిచిన్రు. సిమెంటు మోసినోనికి తెరవలే.

పాస్‌పోర్టు కంపెనీ గుంజుకునుడు అక్కడి చట్టం ప్రకారమే తప్పు. మరి ఎందుకు అడగలేం? ఏజెంటుకు కట్టిన అప్పుకు ఇక్కడ జగిత్యాల, సిరిసిల్లల మిత్తి పెరుగుతుంటది. మా నోరు మూసింది షేకు ఒక్కడే కాదు, ఆ మిత్తి గూడ.

సదువుకున్న తమ్ముళ్లారా, ఉద్యోగులారా! మీ ఊర్ల ఎవలన్న వీసా కాయితం తెస్తే సదివి చెప్పున్రి. ఏజెంటుకు లైసెన్సుందా, జీతమెంత, పనేందని ముందుగాల్నే అడిగించున్రి. విమానమెక్కినంక అడిగే తావు ఉండది.