"ఆంటీ, లొకేషన్ పంపండి" అంటే మేమెందుకు పంపం?

మాది కోహీర్. జహీరాబాద్ పక్కనే. జామకాయలు తిన్నవాళ్లకు మా ఊరు తెలుసు. చలికాలంలో టీవీ చూసేవాళ్లకు ఇంకా బాగా తెలుసు, రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అన్నప్పుడల్లా మా ఊరి పేరు వస్తూ ఉంటుంది కదా.

నేను సర్కారు బడిలో టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. నాకు 63, ఆయనకు 67. నెలకో రెండు నెలలకో ఒకసారి ఇద్దరం టెంటు సర్దుకుని వెళ్లి, రెండు రాత్రులు బయట పడుకుని, పక్షుల్నీ జంతువుల్నీ ఫోటోలు తీసుకుని వస్తాం. ఆ ఫోటోలు చూసిన పిల్లలందరూ మొదట అడిగేది ఒకటే. "ఆంటీ, ఇది ఎక్కడ? లొకేషన్ పంపండి." మేం పంపం. అది గర్వం కాదు. ఎందుకు పంపమో చెప్పడానికే ఈ రోజు మీ ముందు కూర్చున్నాను.

ముందు మా క్యాంపింగ్ ఎట్లా ఉంటుందో చెప్తాను. మీరు రీల్స్‌లో చూసేది కొండ అంచు, చలిమంట, గిటారు. మాది అట్లా కాదు. తెలిసిన రైతును అడిగి, ఆయన చెల్క పక్కన ఒక చెట్టు చూసుకుని టెంటు వేస్తాం. అభయారణ్యం లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు, అది చట్టం. మంట పెట్టం. ఎండిన గడ్డి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం ఇంటి నుంచే కట్టుకుపోతాం. చలికి గొంగడి. నేల మీద పడుకుంటే నా నడుము ఒప్పుకోదు కాబట్టి నాకు మడత మంచం.

ఇంకో ముఖ్యమైన మాట. రాత్రిపూట తెలియని చేన్లలో తిరగొద్దు. అడవి పందుల కోసం కొంతమంది కరెంటు తీగలు పెడతారు. అది నేరం, అయినా పెడతారు. మనుషులు కూడా చనిపోతున్నారు. అందుకే వెళ్లగానే రైతును మొదట అడిగేది అదే, "అన్నా, ఎటు పోవద్దు?" అని. తెల్లారి చెప్పులు దులిపి వేసుకుంటాం, టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచుతాం. ఇన్నేళ్లలో పాములతో ఇబ్బంది రాలేదు.

వయసు వల్ల మాకు ఒక ఏర్పాటు కుదిరింది. ఆయనకు సన్నటి శబ్దాలు వినపడవు. చిన్న పిట్ట కూత అసలే వినపడదు. నాకేమో దూరం సరిగా ఆనదు. అందుకని చెవులు నావి, కళ్లు ఆయనవి. "ఆ తుమ్మ చెట్టు ఎడమ దిక్కు" అని నేను మెల్లగా అంటాను, ఆయన కెమెరా తిప్పుతారు. పెళ్లయి నలభై ఏళ్లయింది, నా మాట ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

మరి ఇక్కడ చూడడానికి ఏముంది అంటారేమో. సింగూరు కింద మంజీరా అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, 20 చదరపు కిలోమీటర్లు. అక్కడికి మేం పగలే వెళ్లి వచ్చేస్తాం. చలికాలం పొద్దున మొసళ్లు ఒడ్డుకొచ్చి ఎండ కాగుతాయి. ఆ నీళ్లే హైదరాబాద్ జనం ఏళ్ల తరబడి తాగుతున్నారు, ఆ మొసళ్ల సంగతి మాత్రం చాలామందికి తెలియదు. బీదర్ వైపు వెళ్తే కృష్ణజింకలు. నల్లటి మగ జింక మెలి తిరిగిన కొమ్ములతో గడ్డిలో నిలబడితే, ఫోటో తీయడం మర్చిపోతాం.

చలికాలంలో ఇంకొక అతిథి వస్తుంది. మాంటేగ్యూ హ్యారియర్ అని సన్నటి గద్ద. కజకిస్తాన్ వంటి దూరదేశాల నుంచి మన దక్కన్ గడ్డి నేలలకు వస్తుంది. పగలంతా మిడతల్ని తింటుంది, రాత్రి చెట్టెక్కదు, గడ్డిలో నేల మీదే పడుకుంటుంది. మనం పడావు భూమి, పనికిరాని భూమి అంటామే, అది దాని పడకగది. టెంటు వేసేముందు ఈ సంగతి తెలియాలి. మనకు ఖాళీగా కనపడిన చోటు ఖాళీ కాకపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక మార్చి నెలలో తెలిసినవాళ్ల ఎర్ర చెల్కకు వెళ్లాం. సామాన్లు దించుతున్నామో లేదో, ఒక తీతువు పిట్ట మా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. మనవాళ్లు తీతువు అరిస్తే చెడు శకునం అంటారు. అది శకునం చెప్పడం కాదమ్మా, "నా గుడ్ల దగ్గరికి రాకండి" అని మొత్తుకోవడం. ఇద్దరం ఆగిపోయాం. బైనాక్యులర్స్‌తో వెతికితే ముప్పై అడుగుల దూరంలో, ఎర్ర మొరం రాళ్ల మధ్య నాలుగు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు. మచ్చలున్న గుడ్లు అచ్చం రాళ్లలాగే ఉన్నాయి. సామాన్లు మళ్లీ ఎత్తుకుని, గెట్టు అవతల వేప చెట్టు కిందికి మారాం.

మర్నాడు మధ్యాహ్నం మేం చూసింది చెప్తాను. ఆ ఎండకు నేల మీద కాలు పెట్టలేం. ఒక పిట్ట కుంటకు పోయి, పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లు ఉడికిపోకుండా చల్లబరుస్తోంది. కాసేపటికి రెండోది వచ్చి డ్యూటీ మార్చుకుంది. ఆలుమగలిద్దరూ ఇట్లా దాదాపు నాలుగు వారాలు కాపలా కాయాలి. మా ఆయన దూరం నుంచి ఒక్క ఫోటో తీశారు. అందులో పిట్ట చిన్నగానే ఉంది.

ఆ ఫోటో రైతు కొడుకు తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు, చెల్క పేరుతో సహా. పాపం, సంతోషంతోనే పెట్టాడు. సాయంత్రానికి బైక్ మీద ఇద్దరు పిల్లలు వచ్చారు. మంచి పిల్లలే. ఫోన్లు పట్టుకుని నేరుగా గుడ్ల దగ్గరికి నడిచారు. పిట్ట లేచిపోయింది, పైన అరుస్తోంది. ఆ అరుపు మనకే కాదు, కాకికి కూడా వినపడుతుంది. గుడ్లు ఎక్కడున్నాయో కాకికి మనమే చూపించినట్టు.

నేను తిట్టలేదు. పిలిచి, ముందు మంచినీళ్లిచ్చి, బైనాక్యులర్స్ చేతికిచ్చి, "పది నిమిషాలు కదలకుండా కూర్చోండి" అన్నాను. తీతువు దూరంగా దిగింది. నాలుగడుగులు వేసింది, ఆగింది, చూసింది. మళ్లీ నడిచింది. చివరికి గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. ఒక పిల్లవాడు గుసగుసగా అన్నాడు, "ఆంటీ, అది మనల్ని నమ్మింది." వాళ్లు ఆ రోజు ఫోటో తీయకుండానే వెళ్లారు.

మూడు వారాల తర్వాత మళ్లీ పోయాం. ఆ చోటు ఖాళీగా ఉంది. కుంట దగ్గర మాత్రం రెండు పిల్లలు తల్లి వెనక పరుగెత్తుతున్నాయి. నాలుగు గుడ్లకు రెండు పిల్లలే కనపడ్డాయి. మిగతావి ఏమయ్యాయో ఆ తల్లిదండ్రులకే తెలియాలి.

అర్థమైంది కదా? వచ్చినవాళ్లు ఇద్దరు కాబట్టి, మేం అక్కడే ఉన్నాం కాబట్టి సరిపోయింది. ఇరవై మంది వస్తే? వచ్చినవాడు వేటగాడైతే? అందుకే జిల్లా పేరు చెప్తాం, అంతవరకే. మీరు కూడా ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ఆపేయండి. లేకపోతే ఫోటోతో పాటు చోటు కూడా దాంట్లో దాగి ఉంటుంది. ఈబర్డ్ లాంటి పెద్ద వెబ్‌సైట్లు కూడా ముప్పు ఉన్న కొన్ని జాతులు ఎక్కడున్నాయో బయట పెట్టవు.

పెద్ద కెమెరా లేదని బాధపడకండి. పొద్దున మొదటి గంట వెలుగులో తీయండి. జూమ్ లాగితే బొమ్మ చెడిపోతుంది, బైనాక్యులర్స్ కంటి దగ్గర ఫోన్ పెట్టి చూడండి. చేయి వణకకుండా ఒక గుడ్డ సంచిలో జొన్నలు పోసి, దాని మీద ఆనించండి. మా ఆయన కెమెరాకు స్టాండు అదే. ఫోన్లో పక్షి కూత పెట్టి పిలవకండి, శత్రువు వచ్చిందనుకుని అది తిండి మానేసి కొట్లాటకు వస్తుంది. కూత ఎవరిదో తెలుసుకోవాలంటే మెర్లిన్ యాప్ ఉంది, ఉచితం. ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశమంతా పక్షుల్ని లెక్కపెడతారు. పదిహేను నిమిషాలు మీ మేడ మీద నిలబడి లెక్కపెట్టినా చాలు.

మాకు రిటైరయ్యాక టైం దొరికింది. మీకు ఇప్పుడే ఒక ఆదివారం దొరుకుతుంది. మా చోటు అడక్కండి, మీ ఊరి చెరువు గట్టు మీద ఒక గంట ఊరికే కూర్చోండి. మీ చోటు మీకే దొరుకుతుంది.