టికెట్టుకు ముందు సర్టిఫికెట్టు

 

మా బడిలో తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన ఒక అబ్బాయి ఎనిమిదేళ్లు ఏసీలు బాగుచేశాడు. పనిలో మంచి పేరు. సౌదీ వెళ్తానంటే మేమంతా తలా కొంత వేసి టికెట్టు కొనిచ్చాం. వెళ్లింది లేబర్ వీసా మీద. అక్కడా చేసింది ఏసీ పనే, జీతం మాత్రం కూలీది. తప్పు వాడిది కాదు. అడగాల్సింది మేము అడగలేదు.

ఏసీ టెక్నీషియన్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి పనులకు వీసా ఇచ్చే ముందు సౌదీవారు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతున్నారు. రాతపరీక్షతో పాటు చేతిపని కూడా చూస్తారు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. వారు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. సర్టిఫికెట్టులో ‘షేక్’ పేరుకు ముందు, పాస్‌పోర్టులో వెనుక ఉన్నా చిక్కే. బడి రిజిస్టరులో ఆ పేరు రాసేది మా ఉపాధ్యాయులమే. ఇకపై సరిచూసి రాస్తాం.

మీకు మా విన్నపం ఒకటే. టికెట్టుకిచ్చే చేత్తోనే ముందుగా ఓపెన్ స్కూల్ పదో తరగతికి, ఐటీఐకి, నైపుణ్య పరీక్షకు ఫీజు కట్టండి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూశాకే డబ్బు ఇప్పించండి.

ఆ అబ్బాయి సెలవుకు వచ్చి, మొదట మా ఇంటికొచ్చి పదో తరగతి పుస్తకాలు అడిగాడు. ఈ ఏడు పరీక్ష రాస్తున్నాడు. వాడి కోసం దువా చేయండి.