నడిచి వచ్చిన దారే మన చరిత్ర
(యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





తండా దాటి కాలేజీలో చేరిన ప్రతి పిల్లవాడికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మీరు అసలు ఎక్కడోళ్లు?" కొందరు తెలుసుకుందామని అడుగుతారు. కొందరు మనం బయటివాళ్లమని గుర్తుచేయడానికి అడుగుతారు. మనమేమో తల దించుకుని తండా పేరు చెప్పి ఊరుకుంటాం. లేదంటే ఫోన్‌లో ఎవరో పంపిన రాజుల కథ అప్పజెప్తాం. ఈ రెండూ జవాబు కావు. అసలు జవాబు ఏమిటో ఈ రోజు మాట్లాడుకుందాం.

మొదటి సాక్ష్యం మన నోట్లోనే ఉంది. మన గోర్ బోలి తెలుగుతో పుట్టిన భాష కాదు. రాజస్థానీ, గుజరాతీ భాషలతో చుట్టరికం ఉన్న భాష. మనం నీళ్లను పాణీ అంటాం, రొట్టెను బాటీ అంటాం. రాజస్థాన్‌లో ఈనాటికీ పప్పుతో తినేది బాటీయే. రాఠోడ్, చౌహాన్, పమార్ అన్న మన వంశాల పేర్లు అక్కడి పేర్లే. అవివాహిత ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి చేసే తీజ్ పేరు కూడా ఆ దిక్కునే వినిపిస్తుంది. పుస్తకం లేని జాతికి మాటే దస్తావేజు. మన మూలం వాయవ్య భారతంలో ఉందని మన మాటే చెబుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. యూరప్‌లోని రోమా జాతి వాళ్లు మనవాళ్లేనని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. వాళ్ల భాష భారతదేశం నుంచి వెళ్లినదే, అది నిజం. మన భాషకు దూరపు బంధువే. అంతమాత్రాన వాళ్లు లంబాడీలని రుజువు కాదు. రాణా ప్రతాప్ సైన్యంలో మన పూర్వీకులు ఉన్నారన్న కథనూ గౌరవంగా విందాం. కానీ కథను కథగా, ఆధారాన్ని ఆధారంగా చెబుదాం. ఒక్క అబద్ధం కలిపినా తొంభై తొమ్మిది నిజాల మీద ఎదుటివాడికి అనుమానం వస్తుంది.

మరి దక్కనుకు ఎందుకు వచ్చాం? పని మీద వచ్చాం. రైలు లేని, లారీ లేని కాలంలో ధాన్యం, ఉప్పు ఎద్దుల వీపు మీదే దేశం తిరిగాయి. తోలినవాళ్లు మనవాళ్లు. బంజారా అన్న పేరు వాణిజ్యం నుంచి, లంబాడీ అన్న పేరు ఉప్పుకు సంస్కృతంలో ఉన్న లవణం అన్న మాట నుంచి వచ్చాయని పండితులు చెబుతారు. 1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు దారిలో ఒక తండాను చూశాడు. 14,000 ఎద్దులు, వాటి మీద గోధుమలు, బియ్యం! తండా అంటే అప్పట్లో గుడిసెల గుంపు కాదు. నడిచే సంత అది.

మొగల్ సైన్యాలు దక్షిణానికి దిగినప్పుడు వాటికి తిండి మోసింది కూడా మనవాళ్లే. 1630 ప్రాంతంలో ఆసఫ్ ఖాన్ సైన్యంతో భంగీ, జంగీ అనే నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో వచ్చారని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఎవరి ఇంటి కప్పు గడ్డి అయినా ఎద్దులకు వేయొచ్చని, ఎవరి కుండలో నీళ్లయినా తీసుకోవచ్చని రాగి రేకు మీద రాసిచ్చారట. లెక్క ఎంతవరకు సరైనదో పక్కన పెట్టండి. మనం లేకుండా ఆ యుద్ధం నడవలేదన్నది ఆ కథలోని సారం. 1803లో మరాఠాల మీదికి వెళ్లిన ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా బంజారాల ధాన్యం మీదే ఆధారపడ్డాడు.

అట్లా బతికిన జాతి ఎద్దులను ఎందుకు వదిలింది? ఉప్పు మీద తెల్లదొరలు గుత్తాధిపత్యం, పన్ను పెట్టారు. రోడ్లు పడ్డాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. నెలల తరబడి ఎద్దులు మోసే సరుకును రైలు రోజుల్లో దించేసింది. మేపుకునే అడవికి హద్దులు పడ్డాయి. బతుకు పోయినవాళ్ల మీద మళ్లీ దొంగలన్న ముద్ర. 1871 నేరస్థ జాతుల చట్టం తిరిగే జాతులను పుట్టుకతోనే అనుమానితులను చేసింది. నిజాం రాజ్యంలోనూ లంబాడీల మీద అలాంటి నిఘా పెట్టారు. తిరిగితే దొంగ, ఆగితే దేశ్‌ముఖ్ దగ్గర వెట్టి. ఆ రెంటి నడుమ అడవి అంచున, చెరువు ఎగువన, గట్టు నేల మీద మన తండాలు నిలిచాయి. ఆ నేల కోసమే జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడిన జాటోత్ ఠానూ నాయక్ 1950లో ప్రాణమిచ్చాడు.

తర్వాతి మలుపులు మీకు దగ్గరివి. ఆంధ్ర ప్రాంతంలో మనవాళ్లు అప్పటికే ఎస్టీలు. తెలంగాణలో మనకు ఆ గుర్తింపు 1976 చట్టంతో, 1977 నుంచి అమలుకు వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. 2011 లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో మనం 20 లక్షలకు పైగా ఉన్నాం.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వద్దాం. గోండు, కోయ, నాయకపోడు సోదరులు ఈ అడవుల్లో మనకంటే ముందు నుంచి ఉన్నారు. ఆ మాట ఒప్పుకుంటే మనకు తక్కువేమీ కాదు. వాళ్ల ఆవేదన వినాలి, వాళ్ల మీద ఒక్క చులకన మాట కూడా మన నోట రాకూడదు. అదే సమయంలో, ఎస్టీ గుర్తింపుకు ఎవరు ముందు వచ్చారన్నది కొలత కాదు. ప్రత్యేక సంస్కృతి, ఒంటరి నివాసం, వెనుకబాటు వంటివి కొలతలని 1965లో లోకూర్ కమిటీ చెప్పింది. కాబట్టి "అవును, నడిచి వచ్చినం. ఈ నేలకు తిండి మోసుకుంటా వచ్చినం" అని తల ఎత్తి చెప్పండి. వలస నేరం కాదు. ఈ రోజు సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లల నుంచి దుబాయి, మస్కట్ విమానం ఎక్కేవాళ్లలో ఏ కులం లేదు?

మాకున్న అసలు భయం వేరే. ఎద్దులు పోయినా, ఉప్పు పోయినా నాలుగు వందల ఏళ్లు నిలిచిన గోర్ బోలి ఇప్పుడు ఇంట్లోనే ఆగిపోతోంది. దానికి సొంత లిపి లేదు. 2011 జనాభా లెక్కల్లో దాన్ని హిందీ కింద కలిపి రాశారు. నానమ్మ గోర్ బోలిలో అడిగితే మనవరాలు తెలుగులో జవాబు చెబుతోంది. తప్పు పిల్లలది కాదు. బడిలో ఎగతాళి చేస్తారని, ఆ భాష మాట్లాడొద్దని చెప్పింది మేమే. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నాం.

దాన్ని దిద్దే పని మాత్రం మీ చేతిలోనే ఉంది, ఆ ఫోన్ రూపంలో. ఈ తీజ్‌కు ఇంటికి వచ్చినప్పుడు మీ తండాలో అందరికంటే పెద్ద యాడి పక్కన కూర్చోండి. నాలుగు అడగండి: మన గోత్రం ఏది? ఈ తండా కట్టింది ఎవరు? అంతకుముందు ఎక్కడ ఉన్నాం? నీ పెళ్లిలో ఏ పాట పాడినారు? గోర్ బోలిలోనే అడగండి, రికార్డు చేయండి, తెలుగు లిపిలో రాసి పెట్టండి. చదివే ఓపిక ఉన్నవాళ్లు ఆచార్య భంగ్యా భూక్యా నిజాం కాలపు లంబాడీల మీద రాసిన పుస్తకం వెతికి చదవండి. మన బిడ్డ మన చరిత్రను కాగితాల నుంచి ఎలా బయటికి తీశాడో తెలుస్తుంది.

ఈసారి ఎవరైనా "ఎక్కడోళ్లు" అని అడిగితే, కూర్చోబెట్టి ఈ దారంతా చెప్పండి. చెప్పాలంటే ముందు మీరు వినాలి. వినాలంటే చెప్పే యాడి బతికి ఉండగానే ఇంటికి రావాలి.

జై సేవాలాల్. రాం రాం.