గని వాళ్ల దేశంలోదే, మరి పని ఎవరిది?
ఆఫ్రికా దేశాల 'స్థానిక వాటా' చట్టాలు - రైతులు గమనించాల్సిన అంశాలు

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కౌలు గుర్తింపు, పంటల బీమా గురించి మాట్లాడుకునే చోట ఆఫ్రికా గనుల ముచ్చటెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండు మూడు విషయాలు చెబుతాను. మన ఇళ్లలో ఉడికే కందిపప్పులో కొంత మొజాంబిక్ నుంచి వస్తోంది. పప్పు కొనుగోలుకు 2016లో మన ప్రభుత్వం ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. అక్కడి టేటే రాష్ట్రంలో బెంగా బొగ్గు గనిని 2014లో 5 కోట్ల డాలర్లకు కొన్నది ఐసీవీఎల్. స్టీల్ అథారిటీ, మన విశాఖ ఉక్కు, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ వంటి ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టిన కంపెనీ అది. అదే దేశపు ఉత్తరాన రోవుమా సముద్ర గ్యాస్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం, ఆయిల్ ఇండియాలకు కలిపి 30 శాతం వాటా ఉంది. అంటే ఇక్కడ బయటి కంపెనీ వచ్చి భూమి తీసుకుంటే ప్రశ్నించే మనం, అక్కడ బయటి కంపెనీలో వాటాదారులం. అందుకే ఈ విషయం మనకు తెలియాలి.

ముందు 'స్థానిక వాటా' అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లీషులో లోకల్ కంటెంట్ అంటారు. గనికో, చమురు బావికో అనుమతి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం పెట్టే షరతులివి. ఉద్యోగాల్లో ఇంత భాగం మావాళ్లకివ్వాలి, కొనుగోళ్లలో ఇంత భాగం మా దేశంలో చేయాలి, కంపెనీలో ఇంత వాటా మావాళ్లకుండాలి, నైపుణ్యం నేర్పాలి అని. ఈ షరతులు ఎందుకు అవసరమయ్యాయి? రాయల్టీ, పన్ను మాత్రమే లెక్కేస్తే గనిలోంచి వచ్చే డబ్బులో కొంత భాగమే కనబడుతుంది. గని నడవాలంటే పైపులు, యంత్రాలు, పేలుడు పదార్థాలు, లారీలు, బీమా, డిజైన్, కాపలా, బట్టలు, భోజనం అన్నీ కావాలి. ఏటా పెట్టే ఈ ఖర్చు చాలా పెద్దది. ఆ ఖర్చంతా విదేశీ కాంట్రాక్టర్లకే పోతే, గని మన ఊళ్లో ఉన్నా ప్రహరీ గోడ లోపల మరో దేశమే ఉన్నట్టు.

నైజీరియా చూడండి. 1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి అనే ఊళ్లో చమురు పడింది. 1958 నుంచి ఎగుమతి మొదలైంది. చమురు పోతూనే ఉంది, డాలర్లు వస్తూనే ఉన్నాయి. కానీ వెల్డింగ్ నుంచి ఇంజనీరింగ్ దాకా కాంట్రాక్టుల్లో అధిక భాగం బయటివారివే. యాభై ఏళ్లు గడిచాక, 2010లో నైజీరియా ఒక గట్టి చట్టం చేసింది. ఏయే పనిలో ఎంత శాతం దేశంలోనే జరగాలో ఆ చట్టం వెనకాల పట్టిక జతచేశారు. నైజీరియా కంపెనీ అనిపించుకోవాలంటే 51 శాతం వాటా నైజీరియన్లదై ఉండాలి. యాజమాన్య పదవుల్లో విదేశీయులు 5 శాతానికి మించకూడదు. విదేశీయుడు చేసే ఉద్యోగాన్ని ఒక నైజీరియన్ పక్కనుండి గరిష్ఠంగా నాలుగేళ్లలో నేర్చుకుని అందుకోవాలి. ప్రతి కాంట్రాక్టు విలువలో 1 శాతం స్థానిక సామర్థ్యాన్ని పెంచే నిధికి జమ కావాలి. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు విలువలో 5 శాతం జరిమానా లేదా ప్రాజెక్టు రద్దు. పర్యవేక్షించే బోర్డును రాజధానిలో కాకుండా చమురు ప్రాంతమైన యెనగోవాలో పెట్టారు.

ఫలితం లేదనలేం. ఎగినా క్షేత్రం కోసం కొరియాలో తయారైన భారీ తేలియాడే చమురు నౌకను 2018లో లేగోస్ తీరానికి తెచ్చి, దాని పైభాగపు యంత్రాలలో కొన్నిటిని అక్కడి యార్డులోనే బిగించారు.  వేల చేతులకు పని, నైపుణ్యం దొరికాయి.

ఇక రెండో వైపు. అదే డెల్టాలో ఒగోని ప్రాంతపు బోడో గ్రామం దగ్గర 2008లో షెల్ పైప్‌లైన్ రెండుసార్లు పగిలింది. మడ అడవులు, చేపలు దొరికే వాగులు చమురుతో నిండిపోయాయి. జాలర్లు, రైతులు లండన్ కోర్టు దాకా వెళ్లి పోరాడితే 2015లో 5.5 కోట్ల పౌండ్ల పరిహారానికి షెల్ ఒప్పుకుంది. ఒగోని నేల, నీరు శుభ్రం కావడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011 నివేదికలో చెప్పింది. ఆలోచించండి. 2010 చట్టం లేగోస్ కాంట్రాక్టరుకు పని తెచ్చింది. చెలక పోగొట్టుకున్న ఒగోని రైతుకు దాని వల్ల ఒరిగిందేమిటి? ఆ చట్టం దృష్టిలో ఇద్దరూ 'స్థానికులే'. అసలు చిక్కు ఈ మాటలోనే ఉంది. స్థానికుడంటే ఆ దేశస్థుడా, ఆ ఊరివాడా?

ఘానా ఈ చిక్కును కొంత గుర్తించింది. జూబ్లీ క్షేత్రంలో 2010 చివర్లో చమురు మొదలయ్యాక, 2013లో నిబంధనలు తెచ్చింది. చమురు ఒప్పందాల్లో కనీసం 5 శాతం వాటా ఘానా కంపెనీకి ఉండాలంది. ఇక్కడ ఒక అనుభవం మనకు బాగా పరిచయమైనదే. పేరు స్థానికుడిది, పెట్టుబడి, పెత్తనం బయటివాడిది. మన భాషలో బినామీ. ఘానా నిబంధనలు బినామీగా నిలబడే పౌరుడికీ, నిలబెట్టే విదేశీ కంపెనీకీ శిక్ష పెట్టాయి. గనులకైతే ఏ వస్తువులు దేశంలోనే కొనాలో ఖనిజ కమిషన్ జాబితా ప్రకటిస్తుంది. జాబితా ముందే తెలిస్తే చిన్న ఉత్పత్తిదారు సిద్ధం కాగలడు. ఇది మంచి పద్ధతి.

ఘానాలోనే అహాఫో బంగారు గనిది మరో అనుభవం. 2006లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ గని కింద కోకో తోటలు, తిండిపంటల భూములు పోయాయి. చుట్టుపక్కల ఊళ్లతో న్యూమాంట్ కంపెనీ 2008లో ఒప్పందాలు చేసుకుంది. తవ్విన ప్రతి ఔన్సు బంగారానికి ఒక డాలరు, పన్నుకు ముందు నికర లాభంలో 1 శాతం ఆ ఊళ్ల అభివృద్ధి సంస్థకు రావాలి. ఇక్కడ 'స్థానికుడు' అంటే ఆ ఊరివాడే. అయితే ఇది చట్టం కాదు, ఒప్పందం. బలం ఉన్నచోట ఇలాంటి ఒప్పందం దక్కుతుంది, లేనిచోట దక్కదు.

కాంగో ఆ హక్కును చట్టంలోకే ఎక్కించింది. 2018లో సవరించిన గనుల చట్టం ప్రకారం రాయల్టీలో 15 శాతం గని ఉన్న స్థానిక పాలనా విభాగానికే చెందాలి. దానికి తోడు కంపెనీ తన టర్నోవరులో 0.3 శాతం స్థానిక ప్రజల అభివృద్ధికి కేటాయించాలి. లాభం మీద కాకుండా టర్నోవరు మీద ఎందుకు పెట్టారో గమనించండి. లాభాన్ని లెక్కల్లో తగ్గించి చూపించవచ్చు, అమ్మకాలను దాచడం కష్టం. కాంగోలో అమలు ఎంత కష్టమో అందరికీ తెలుసు. అయినా కాగితం మీద హక్కు ఉంటేనే రేపు నిలదీయడానికి ఆధారం ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ మొజాంబిక్‌కు వద్దాం. టేటేలోని మొయాటిజె బొగ్గు గని కోసం బ్రెజిల్ కంపెనీ వాలె అక్కడి రైతు కుటుంబాలను సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కాటెమెకు తరలించింది. అక్కడ భూమి బాగాలేదు, నీళ్లు చాలవు, మార్కెట్టు దూరం. 2012 జనవరిలో నిర్వాసితులు బొగ్గు రైలు పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు విరుచుకుపడ్డారు. కానీ అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం పునరావాస నిబంధనలు జారీచేయక తప్పలేదు. ఆ దేశంలో భూమి మొత్తం రాజ్యానిది, సాగుచేసుకునేవాడికి వినియోగ హక్కు మాత్రమే ఉంటుంది. భూమికి ధర ఉండదు కాబట్టి పరిహారమంటే ఇల్లు, చెట్లు, పంట. అలాంటి రైతుకు గనిలో ఉద్యోగమో, గనికి సరుకు అమ్ముకునే అవకాశమో లేకపోతే ఇక మిగిలేదేమీ ఉండదు. ఆ మొయాటిజె గని 2022లో జిందాల్ గ్రూపు చేతికి వచ్చింది.

ఉత్తరాన కాబో డెల్గాడోలో ఇంకా ఘోరం జరిగింది. అక్కడ 2017 నుంచి సాయుధ తిరుగుబాటు సాగుతోంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. గ్యాస్ వచ్చినా తమకేమీ రాలేదన్న యువకుల కసి కూడా అందులో ఒకటని పరిశీలకులు చెబుతున్నారు. 2021 మార్చిలో పాల్మా పట్టణం మీద దాడి జరిగింది. ఏప్రిల్‌లో టోటల్‌ఎనర్జీస్ పనులు ఆపేసింది, ఏళ్ల తరబడి ఆ ప్రాజెక్టు కదల్లేదు. మన ప్రభుత్వ సంస్థల డబ్బూ అందులోనే ఇరుక్కుంది. స్థానికుణ్ణి పక్కనపెట్టడం వ్యాపారానికీ మంచిది కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ నిబంధనలకు పైనుంచి కూడా అడ్డంకులున్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ మనకు పప్పుధాన్యాల, మద్దతు ధరల గొడవల్లో పరిచయమే. దాని పెట్టుబడుల ఒప్పందం, స్వదేశీ సరుకే కొనాలన్న షరతును ఒప్పుకోదు. సౌర విద్యుత్ పథకంలో మన దేశంలో తయారైన పలకలే వాడాలని మన ప్రభుత్వం పెట్టిన షరతు మీద అమెరికా ఫిర్యాదు చేస్తే 2016లో మనం ఓడిపోయాం. దక్షిణాఫ్రికాలో 2018 గనుల చార్టర్ కంపెనీల కొనుగోళ్లలో 70 శాతం సరుకులు దేశంలో తయారైనవి కావాలంది. 2021లో హైకోర్టు, చార్టర్ విధాన పత్రమే తప్ప చట్టం కాదని తీర్పు చెప్పింది. జీవోతోనో, విధాన ప్రకటనతోనో సరిపెడితే కోర్టులో నిలవదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మన దగ్గరా ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్నే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలం లీజులకు 10 శాతం దానికి జమ కావాలి. ఆ డబ్బు గని దుమ్ము పీల్చే ఊరికి చేరుతోందా, జిల్లా కేంద్రంలో రోడ్లకూ భవనాలకూ పోతోందా? మన శాఖలు ప్రతి జిల్లాలో అడగాల్సిన ప్రశ్న ఇది.

ఆఫ్రికా అనుభవం నుంచి మనం తీసుకోవాల్సిన డిమాండ్లు కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది, 'స్థానికుడు' అన్న మాటకు నిర్వచనం వరుసక్రమంలో ఉండాలి. ముందు భూమి పోయిన కుటుంబం, అందులో కౌలు రైతు, వ్యవసాయ కూలీ కూడా. తర్వాత ఆ గ్రామం, ఆ మండలం, ఆ జిల్లా. ఆ తర్వాతే రాష్ట్రం.

రెండోది, కంపెనీ ఏమేం కొంటుందో ఏడాది ముందే జాబితా గ్రామసభలో పెట్టాలి. క్యాంటీనుకు బియ్యం, కూరగాయలు, పాలు, గుడ్లు చుట్టుపక్కల రైతు సంఘాల నుంచే తీసుకోవాలి. అయితే బిల్లు నెలలోపు చెల్లించాలి. మూడు నెలలకు చెల్లిస్తామంటే చిన్న రైతు తట్టుకోలేడు, ఆ కాంట్రాక్టు తిరిగి పట్నం దళారి చేతికే పోతుంది.

మూడోది, ప్రతి సబ్‌కాంట్రాక్టరు వెనక అసలు యజమాని ఎవరో బహిరంగపరచాలి. మన ఊరి పెద్దమనుషుల పేర్లతోనే బినామీలు నడుస్తాయన్నది మరిచిపోవద్దు.

నాలుగోది, ఉద్యోగం ఇచ్చాం కాబట్టి నీటి సంగతి అడగొద్దంటే కుదరదు. ఉద్యోగం ఉద్యోగమే, బోరు ఎండినందుకు, పంట మీద బూడిద పడినందుకు పరిహారం వేరే. బోడో జాలర్లు ఏళ్ల తరబడి కోర్టులో పోరాడింది ఈ తేడా కోసమే.

చివరిది, మన ప్రభుత్వ రంగ సంస్థలు మొజాంబిక్‌లో ఏయే భూములు వాడుతున్నాయో, అక్కడి రైతులకు ఏమిచ్చాయో పార్లమెంటుకు చెప్పాలని మన సంఘం అడగాలి. ఇక్కడ మన భూమికి ఏ న్యాయం కోరుతున్నామో, కాటెమె రైతుకూ అదే కోరాలి. జిల్లా మహాసభల తీర్మానాల్లో ఈ అంశాన్ని చేర్చాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.