జ్ఞాపకశక్తియు మన భోజనమును
(అంకులిలోని తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



1936లో ఒడిశా ఏర్పడినది మొదలు మన యిండ్లలో తెలుగును నిలిపినవారు పెద్దలే. అట్టివారు తమ బిడ్డల పేర్లే మరచు దుస్థితి రాకుండ మనము జాగ్రత్తపడవలయును.

నడివయస్సున రక్తపోటు, మధుమేహము, చెడ్డ కొలెస్టరాలు పెరిగినచో ముదిమిలో మతిమరపు వ్యాధి ముప్పు హెచ్చునని 2024లో లాన్సెట్ వైద్యసంఘము తెలిపినది. ఈ మూడును భోజనముతో ముడివడినవే.

మన బరంపురము అప్పడములకును, ఊరగాయలకును ప్రసిద్ధి. వానిలో ఉప్పు అధికము. ఉప్పు రక్తపోటును పెంచును. వంటలోని దానితో కూడ దినమునకు 5 గ్రాముల లోపే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

వీనిని పూర్తిగా మానుమని మేము చెప్పము. ఊరగాయ తగ్గించి, అప్పడమును పండుగనాటికి ఉంచి, నిత్యము ఆకుకూరలు, పప్పు, చోడి అంబలి, తినువారు చేపలు గైకొందము. ఆహార మొక్కటే వ్యాధిని ఆపజాలదు. ముప్పును మాత్రము తగ్గింపవచ్చును. నలువది యేండ్లవారు నేడే ఆరంభింతురు గాక!