పల్లెలో క్రిస్మస్: ఈ సెలవు ఎవరో ఇచ్చింది కాదు

(పల్లెలో జరిగిన సెమీ క్రిస్మస్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

పాస్టరుగారు వాక్యం చెప్పారు. నేను వాక్యం చెప్పను, మన ఇళ్ల సంగతి చెబుతాను.

గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఈ నెలలో ఏ పల్లెకు పోయినా ఒకటే కళ. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టారు. గోడలకు సున్నం పడింది. హైదరాబాదులో మేస్త్రి పనికి పోయిన పెద్దకొడుకు పిల్లల్ని తీసుకుని బస్సు దిగుతాడు. ఆడపడుచులు అల్లుళ్లతో వస్తారు. రెండు గదుల ఇంట్లో ముప్పై మంది. చోటు చాలక మగవాళ్లు చర్చి అరుగు మీద పడుకుంటారు. ఏడాదంతా కూలికోసం తలా ఒక దిక్కున బతికేవాళ్లం ఈ రెండు రోజులే ఒక కుటుంబంగా కూడుతున్నాం. ఇది చిన్న సంగతి కాదు.

డిసెంబరులో చేలల్లో పని ఆగదు. పత్తి పగిలి ఉంటుంది. వాన పడితే రంగు మారుతుందని ఆసామికి తొందర. అయినా 25వ తేదీన పల్లె నుంచి ఒక్క మనిషి చేలో దిగడు. ఆ సెలవు ఏ ఆసామీ దయతలచి ఇచ్చింది కాదు. మన ముత్తాతలు దెబ్బలు తిని తెచ్చుకున్నది.

కనిగిరి దగ్గర తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ ఉండేవాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సంవత్సరమే క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పెద్ద కులాలవాళ్లు చెప్పారు. వాళ్లు రాకపోయినా మనవాళ్లు ఆగలేదు. చేరినవాళ్లకు మూడు కట్టుబాట్లు పెట్టారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. జాతర్లలో డప్పు కొట్టేది లేదని కూడా మనవాళ్లు తెగేసి చెప్పారు.

దీన్ని మతం అని మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. పిలిస్తే పరుగెత్తాల్సిన వెట్టివాడు “ఇవ్వాళ రాను” అన్నాడు. ఊరు ఊరుకుంటుందా? నీళ్లు ఆపారు, పని ఆపారు, కొట్టారు. అయినా నిలబడ్డారు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు పని పెట్టాడు. గింజల కోసం మతం మారారని మనల్ని ఈరోజుకీ ఎగతాళి చేసేవాళ్లు ఒకటి వినాలి. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. పని అయిపోయాకే, 1878 జులై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

ఇంత చేసి తెచ్చుకున్న పండుగను మనం ఎట్లా చేస్తున్నాం? మూడు మాటలు అడుగుతాను. కోపం తెచ్చుకోకండి.

మొదటిది, డబ్బు. పిల్లలకు కొత్తబట్టలు, పిండివంటలు, వచ్చినవాళ్లకు కూర. డబ్బు ఎక్కడిది? మిరపకాయ కోతలకు ముందే అడ్వాన్సు తీసుకుంటున్నాం. ఒక్కరోజు పండుగకు ఫిబ్రవరి, మార్చి నెలల కూలి ముందే అమ్ముకుంటున్నాం. అడ్వాన్సు ఇచ్చినవాడే రేటు కూడా కడతాడు. తాతలు తెచ్చిన సెలవును మనం మళ్లీ తాకట్టు పెట్టినట్టు కాదా? జనవరి నుంచే వారానికి ఇంత అని ఆడవాళ్లంతా కలిసి క్రిస్మస్ చీటీ వేసుకోండి. లెక్క చదువుకున్న పిల్ల రాస్తుంది. అప్పుడు కోతల కాలంలో రేటు కోసం గట్టిగా నిలబడొచ్చు.

రెండోది, పొయ్యి. ముప్పై మందికి అరిసెలు, చక్రాలు వండేది ఎవరు? అత్తలు, కోడళ్లు. నాలుగు రోజులుగా నడుం వాల్చరు. పండుగ రోజు చర్చిలో ఆరాధన సగంలో లేచిపోయేది కూడా వాళ్లే, కూర మాడుతుందని. మగవాళ్లందరూ తిన్నాక అడుగు గిన్నె వాళ్లది. ఊళ్లో మనల్ని ఆఖర్న నిలబెడితే మనకు మండుతుంది. మరి మన ఇంట్లో ఆఖరి పంక్తి ఎవరిది? క్యారల్స్‌కు రాత్రంతా తిరగగల కుర్రాళ్లు పెద్ద గుండిగ దించలేరా? నీళ్లు మోయలేరా?

మూడోది, కాగితం. నలుగురు అన్నదమ్ములు ఒకే పంక్తిలో కూర్చుంటారు. బడిలో హిందువని రాయించినవాడు ఎస్సీ. క్రైస్తవుడని రాసినవాడు బీసీ-సి. ఒకే అమ్మ, ఒకే వాడ, ఒకే అంటరానితనం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఈ గీత గీసింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ గీత చెరిపారు. మనకు చెరపలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో మన బాపట్ల జిల్లా పాస్టరు కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని హైకోర్టు చెప్పింది. కొట్టేవాడు కులం చూసి కొడతాడు, చట్టం మతం చూసి తలుపు వేస్తుంది! అందుకే మన పిల్లలు చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు మోస్తున్నారు. ఇది పిల్లల తప్పు కాదు. దాన్ని సిగ్గుగా దాచుకోవద్దు. మాల అయినా మాదిగ అయినా, బాప్టిస్టు అయినా లూథరన్ అయినా ఈ ఒక్క కోరిక మీద ఒక్కటిగా అడగాలి.

ఇంకొక్క మాట. మనవళ్లు, మనవరాళ్లు అంతా ఒక్కచోట దొరికేది ఈ రెండు రోజులే. టీవీ కాసేపు ఆపి చెప్పండి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారని, మిగిలినవాళ్లు చీరాలకు వచ్చి తలదాచుకున్నారని, మళ్లీ ఆ ఊరికి వెళ్లకుండా విజయనగర్ కాలనీలో నిలిచారని చెప్పండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారని, 2007లో ఆ ఊళ్లోనే పెట్టిన కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసిందని చెప్పండి. పశువుల పాకలో పుట్టినవాడి పండుగ నాడు ఈ కథలు చెప్పడం తప్పు కాదు. ఆయనకూ ఊళ్లో చోటు దొరకలేదు కదా!

చీటీ పేర్లు ఇవ్వాళే రాద్దాం, ఈ సభ అయ్యాక ఇక్కడే కూర్చుందాం. 25న మాలపల్లె, మాదిగపల్లె ఇళ్లు ఒకరింటికి ఒకరు భోజనానికి వెళదాం. వడ్డన మగవాళ్లది. అక్కలు ముందు పంక్తిలో కూర్చుంటారు.

జై భీమ్.